ఎదురుగాలికి పడవ నడిపిన రైతుబిడ్డ

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి మాట్లాడమని నన్ను పిలిచిండ్రు. క్రికెట్ గురించి చెప్తడనుకొని వచ్చినోళ్లు కూడా ఈ సభలో ఉన్నట్టున్నరు. వాళ్లు నన్ను క్షమించాలె. క్రికెట్ గురించి చెప్పేటందుకు దేశంల శానామంది ఉన్నరు. నేను ఇయ్యాల ఒక చిన్న తెరచాప పడవ గురించి, దాని మీద ఒంటరిగా కూసున్న ఒక పదిహేడేండ్ల అమ్మాయి గురించి చెప్త. ఇంజిన్ లేదు, తెడ్డు లేదు. ఒక తెరచాప, ఒక చుక్కాని, ఒక తాడు. అంతే.

2023 సెప్టెంబర్ 26. చైనాలో ఆసియా క్రీడలు నడుస్తున్నయి. పోటీలు హాంగ్‌జౌ పేరు మీదనే అయినా, పడవ పోటీలు మాత్రం నింగ్బో దగ్గరి సముద్రంల పెట్టిండ్రు. ఐఎల్‌సిఎ 4 అనే తరగతిల మన దేశానికి వెండి పతకం వచ్చింది. తెచ్చింది నేహా ఠాకూర్. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా బిడ్డ. రైతు కుటుంబం. మర్నాడు పేపర్లల్ల ఒక ఫోటో, నాలుగు వాక్యాలు వచ్చినయి. ఆ తర్వాత మర్చిపోయినం. నేను కూడా పత్రికల పనిజేసేటోణ్ణే కాబట్టి ఈ మరుపులో నాకూ వాటా ఉన్నది. ఆ నాలుగు వాక్యాలల్ల పట్టని సంగతి చెప్పుకుందామనే ఇయ్యాల మీ ముందుకు వచ్చిన.

గాలివాటం కాదు

ముందు ఆట ఏందో తెలుసుకుందాం. తెలియని ఆట గురించి పతకం వార్త చదివితే, రాని భాషల పాట విన్నట్టుంటది.

ఈ పడవను మొన్నటిదాకా లేజర్ అనేటోళ్లు. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ దీని రూపం గీసిండు. 1970ల మొదట్ల మార్కెట్‌లకు వచ్చింది. పేరు మీద హక్కుల తగాదా వచ్చి 2019 నుంచి ఐఎల్‌సిఎ అంటున్నరు. పొడుగు నాలుగు మీటర్ల పైచిలుకు. బరువు అరవై కిలోలకు అటుఇటు. పడవ ఒక్కటే, తెరచాపలు మూడు రకాలు. మగవాళ్ల ఒలింపిక్స్‌కు ఏడు చదరపు మీటర్ల పెద్ద తెరచాప, అది ఐఎల్‌సిఎ 7. ఆడవాళ్ల ఒలింపిక్స్‌కు దానికన్న చిన్నది, ఐఎల్‌సిఎ 6. బరువు తక్కువున్న పిల్లలకు ఇంకా చిన్నది, 4.7 చదరపు మీటర్లు. అదే ఐఎల్‌సిఎ 4. అంటే పిల్లలు పెరిగినకొద్దీ తెరచాప పెరుగుతది, పడవ మాత్రం అదే. పేదింటి పిల్లల ఆట కావటానికి ఇందులో ఒక వీలు ఉన్నది. ఆ సంగతి తర్వాత చెప్త.

మన భాషల గాలివాటం అనే మాట ఉన్నది. గాలి ఎటు వీస్తే అటు పోయేటోణ్ణి గాలివాటం మనిషి అంటం. తెరచాప పడవ కూడా అట్లనే పోతదని మనం అనుకుంటం. కానీ ఈ పోటీల అసలు పరీక్ష అది కాదు. గాలి ఎక్కడి నుంచి వస్తున్నదో సరిగ్గా అక్కడనే ఒక గుర్తు పెడ్తరు. నీళ్ల మీద తేలే పెద్ద బుడగ లాంటిది. ముందు దాని దాకా పోవాలె. అంటే గాలికి ఎదురుపోవాలె.

తిన్నగా పోతే పోలేం. తెరచాప టపటప కొట్టుకుంటది, పడవ ఆగిపోతది. అందుకని గాలికి ఓ నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా కొంత దూరం కుడికి, మళ్లీ మలిపి కొంత దూరం ఎడమకు, బండి ఘాట్ రోడ్డు ఎక్కినట్టు పోవాలె. పడవ మధ్యల నుంచి నీళ్లలకు కత్తిలెక్క దిగే ఒక పలక ఉంటది. గాలి పక్కకు నెట్టకుండ ఆపేది అదే. పడవ ఒరిగిపోకుండ ఆపేది మాత్రం మనిషే. కాళ్లు ఒక పట్టీల ఇరికించి, ఒళ్లంతా పడవ బయటికి వెనక్కు వాల్చి, గంటసేపు అట్ల వేలాడాలె. ఒక చేత తాడు, ఇంకొక చేత చుక్కాని కర్ర. తొడలు మండుతయి. కండ్లల్ల ఉప్పునీళ్లు కొడ్తయి. కానీ కండ్లు మూసుకునేటందుకు లేదు. ఎందుకంటె గాలి ఎటు మారుతున్నదో చెప్పేది నీళ్ల మీది రంగే. ముందర నీళ్లు నల్లగ ముడతలు పడ్డట్టు కనిపిస్తే అక్కడ గాలి ఉన్నట్టు. ఎవరు ముందు చూస్తే వాళ్లు ముందు మలుపుతరు.

పడవ తిరగబడుతది కూడా. అప్పుడు ఏ లైఫ్‌గార్డూ రాడు. ఆ పలక మీదికెక్కి, బరువేసి, పడవను లేపుకొని మళ్లీ ఎక్కాలె. ఈ ఆటల చేరిన పిల్లలకు తొలినాళ్లల్లనే నేర్పేది పడిన పడవను లేపుడు.

పదకొండు రేసుల లెక్క

ఇగ గెలుపు లెక్క చూద్దాం. ఇక్కడనే నేహా కథ ఉన్నది.

పరుగుపందెంల ఒక్కసారి ఉరికితే అయిపోతది. ఇక్కడ అట్ల కాదు, రోజుల తరబడి రేసులు. ప్రతి రేసుల మొదట వచ్చినోళ్లకు ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, మూడో స్థానానికి మూడు. అంటే తక్కువ పాయింట్లున్నోళ్లే గెలిచినట్టు. అన్నిట్ల చెడ్డ రేసు ఒక్కటి తీసేస్తరు. మనిషన్నంక ఒక రోజు బాగుండదు కదా, దానికి మాఫీ.

నింగ్బోల ఆమె తరగతికి పదకొండు రేసులు జరిగినయి. నేహాకు మొత్తం 32 పాయింట్లు. అయిదో రేసుల అయిదో స్థానం వచ్చింది, అదే ఆమెకు అన్నిట్ల చెడ్డది. అది తీసేస్తే 27. బంగారం గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయికి 16. ఆమె శానా ముందున్నది, అందుల వాదన లేదు. మూడో స్థానంల సింగపూర్ అమ్మాయికి 28.

28, 27. నడుమ తేడా ఒక్క పాయింటు.

మిత్రులారా, దీని అర్థం ఏందో ఆలోచించుండ్రి. లెక్కల పెట్టిన పది రేసులల్ల, ఏ ఒక్క రేసుల, ఏ ఒక్క పడవ ఆమెను దాటిపోయి ఉన్నా లెక్క సమానం అయ్యేది. పది రేసులు కలిపి చూస్తే సగటున ఒక్కొక్క రేసుకు మూడు పాయింట్ల లోపే. అంటే ఒక్క రోజు మెరిసి వచ్చిన పతకం కాదు ఇది. గాలి మంచిగున్న రోజూ, చెడ్డగున్న రోజూ, అలసిపోయిన రోజూ ఒక్క స్థానం కూడా వదులుకోకుండ వచ్చిన పతకం. చెడ్డ రేసు కూడా అయిదో స్థానం కన్న కిందికి పోలేదు. ఉద్యోగం చేసేటోళ్లకు, పోటీ పరీక్షలు రాసేటోళ్లకు ఈ లెక్క నేను వివరించాల్సిన పని లేదు.

ఇంకొక మాట. ఈ ఆటల మైదానం మధ్యల అంపైర్ ఈల పట్టుకొని నిలబడడు. గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవకు ముందు పోయే హక్కు, ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ దారి ఇయ్యాలె. ఎవరన్న తప్పు చేస్తే ఎదుటోళ్లు నీళ్ల మీదనే కేక వేసి చెప్పాలె. తగాదా మిగిలితే ఒడ్డుకొచ్చి కమిటీ ముందర వాదించుకోవాలె. పిల్లలకు పడవ నడుపుడు ఒక్కటే వస్తే సరిపోదు. నియమం తెలిసుండాలె, తన హక్కు అడిగే నోరుండాలె. ఊరి నుంచి వచ్చిన ఆడపిల్లకు ఈ రెండోది ఎంత కష్టమో మనకు తెలుసు.

సముద్రం లేని ఊరు

ఇప్పుడు అసలు ప్రశ్న. దేవాస్ ఎక్కడున్నది? మధ్యప్రదేశ్‌లున్నది. ఆ రాష్ట్రానికి సముద్రం ఉన్నదా? లేదు. సముద్రమే లేని రాష్ట్రంల పుట్టిన బిడ్డ చైనా సముద్రంల పతకం ఎట్ల తెచ్చింది?

భోపాల్‌ల ఒక పెద్ద చెరువు ఉన్నది. బడా తలాబ్ అంటరు. పదకొండో శతాబ్దంల భోజరాజు కట్టించిండని అక్కడి జనం చెప్పుకుంటరు. 2011ల దానికి భోజ్‌తాల్ అని పేరు కూడా మార్చిండ్రు. కాకతీయుల చెరువుల కింద పెరిగిన మనకు ఆ ముచ్చట కొత్తగ అనిపించదు. ఆ చెరువు ఒడ్డున నేషనల్ సెయిలింగ్ స్కూల్ ఉన్నది. నేహా తయారైంది అక్కడ.

పతకం మొదటి రోజే రాలేదు. 2022 మార్చిల అబుదాబిల జరిగిన ఆసియా సెయిలింగ్ చాంపియన్‌షిప్‌ల ఇదే తరగతిల కాంస్యం గెలిచింది. ఆ మరుసటి ఏడు ఆసియా క్రీడలల్ల వెండి. మెట్టు తర్వాత మెట్టు.

అయితే నేహా ఒక్కతే అయితే, పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని చెప్పి మనం చేతులు దులుపుకోవచ్చు. ఒక్కతి కాదు. అంతకు ముందటి ఆసియా క్రీడలు 2018ల జకార్తాల జరిగినయి. అప్పుడు ఇదే పడవల, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి పోటీపడే ఓపెన్ విభాగంల, హర్షితా తోమర్ అనే పదహారేండ్ల అమ్మాయి కాంస్యం తెచ్చింది. ఆమెది హోషంగాబాద్. ఇప్పుడు నర్మదాపురం అంటున్నరు. ఆమె కూడా మధ్యప్రదేశ్ బిడ్డనే. ఆమె కూడా భోపాల్ చెరువులనే నేర్చుకున్నది.

వరుసగా రెండు ఆసియా క్రీడలు, అదే చెరువు, అదే తరగతి పడవ, ఇద్దరు ఆడపిల్లలు, రెండు పతకాలు. దీన్ని అదృష్టం అంటరా? ఒక పిల్ల గెలిస్తే ప్రతిభ అందాం. ఒక్క ఒడ్డు నుంచి ఇద్దరు గెలిస్తే ఆ ఒడ్డుల ఏదో ఉన్నదని ఒప్పుకోవాలె. అక్కడ పడవ ఉన్నది, కోచ్ ఉన్నడు, రోజూ నీళ్లలకు దిగే ఏర్పాటు ఉన్నది. ఇవి లేని చోట ప్రతిభ ఉన్నా అది ఒడ్డు మీదనే ఎండిపోతది.

చెరువుల నేర్చుకుంటే సముద్రంల పనికొస్తదా అని అడుగుతరు. సగం పనికొస్తది. చెరువు చుట్టూ గుట్టలు, బిల్డింగులు ఉంటయి. వాటికి తగిలి గాలి నిమిషం నిమిషానికి దిక్కు మారుతది. అట్లాంటి గాలిల పెరిగిన పిల్లల కండ్లు పదునెక్కుతయి. కానీ చెరువుల అలలుండయి, పోటు పాటుండదు, నీటి లాగుడుండదు. ఆ సగం సముద్రంల దిగితేనే వస్తది. అందుకే చెరువు మీద నేర్చిన పిల్లల్ని సముద్రం మీద పోటీలకు తోలాలె. తోలాలంటే ఖర్చు. ఇక్కడ మనం డబ్బు ముచ్చటకు వస్తం.

ఎవరి ఆట ఇది?

ఈ ఆటను మన దేశానికి తెచ్చింది తెల్లదొరలు. వాళ్లు పోయినంక ఇది క్లబ్బుల చేతిల, సైన్యం చేతిల ఉండిపోయింది. సైన్యాన్ని నేను తప్పు పట్టను. సామాన్యుల పిల్లలకు ఈ పడవ అందిన దారులల్ల సైన్యం ఒకటి. 2023 ఆసియా క్రీడలల్లనే ఐఎల్‌సిఎ 7ల కాంస్యం తెచ్చిన విష్ణు శరవణన్ సైన్యం మనిషే. కానీ ఆ దారి ఎన్నో ఏండ్లు ఆడపిల్లలకు తెరుచుకోలేదు.

లెక్క చెప్త. భారత సెయిలర్లు ఒలింపిక్స్‌ల మొదటిసారి దిగింది 1972ల, మ్యూనిచ్ క్రీడలల్ల. మన దేశం నుంచి ఒక మహిళ సెయిలింగ్‌ల ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది 2021ల. నడుమ ఎన్నేండ్లు? నలభై తొమ్మిది. ఆ మొదటి మహిళ చెన్నైకి చెందిన నేత్రా కుమనన్. 2009ల ఒక ఎండాకాలం క్యాంపుల పడవెక్కింది. 2014, 2018 ఆసియా క్రీడలల్ల దిగింది, పతకం రాలేదు. తర్వాత స్పెయిన్ దేశపు గ్రాన్ కనారియా దీవికి పోయి శిక్షణ తీసుకున్నది. 2020ల మయామీ ప్రపంచ కప్పుల కాంస్యం వచ్చింది. 2021 ఏప్రిల్‌ల ఒమన్‌ల జరిగిన పోటీలల్ల టోక్యోకు అర్హత సాధించింది. టోక్యోల 35వ స్థానం. పారిస్ ఒలింపిక్స్‌కు 2024ల మళ్లీ పోయింది, ఈసారి 21వ స్థానం.

ఇందుల రెండు సంగతులు చూడాలె. ఒకటి, క్యాంపుల పడవెక్కిన రోజు నుంచి ఒలింపిక్స్‌కు పన్నెండేండ్లు పట్టింది. రెండోది, ఆ పన్నెండేండ్లల్ల మంచి గాలి, మంచి పోటీదారులు ఎక్కడుంటే అక్కడికి పోవాల్సి వచ్చింది. విమానం ఖర్చు, పడవ అద్దె, కోచ్ జీతం, దేశం కాని దేశంల నెలల తరబడి బస. నేత్రా పడ్డ కష్టాన్ని తక్కువ చేస్తలేను. కానీ ఆ దారిని ఒక రైతు తన సొంత పైసలతోని నడిపియ్యగలడా? మీరే చెప్పుండ్రి.

ముందు చెప్పిన ముచ్చట ఇక్కడ కలుపుకోవాలె. ఈ పడవ ప్రపంచమంతా ఒక్క తీరుగనే ఉండాలె. ఒక్క మోకు ఎక్కువ లేదు, ఒక్క పలక వేరే లేదు. పైసలున్నోడు తేలికపాటి పడవ చేయించుకొని గెలవలేడు. నీళ్ల మీద సమానం. అసమానం అంతా ఒడ్డు మీదనే ఉన్నది. పడవ చేతికి దొరికిన పిల్లలు ఎవరు, దొరకని పిల్లలు ఎవరు అన్నది ఒడ్డు మీద తేలిపోతది. ఆ ఒడ్డు మీద సర్కారు నిలబడ్డది కాబట్టే నేహా నీళ్ల మీదికి రాగలిగింది.

మన హుస్సేన్‌సాగర్

దూరపు ముచ్చట చెప్పి పోతున్ననని అనుకోవద్దు. సముద్రం లేని రాష్ట్రం 2014 తర్వాత మనది కూడా. మనకు చెరువు లేదా? జంటనగరాల నడుమ నాలుగు వందల ఏండ్లకు పైబడ్డ హుస్సేన్‌సాగర్ ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంల తవ్విన చెరువు. ట్యాంక్‌బండ్ మీద వానాకాలం నిలబడి చూస్తే తెల్లతెల్లని తెరచాపలు కనిపిస్తయి. నైరుతి గాలి మనకు వాన తెస్తది, వాళ్లకు పోటీల సీజన్ తెస్తది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరు మీద దేశం నలుమూలల నుంచి లేజర్ పడవలోళ్లు ఇక్కడికి వస్తరు. సికింద్రాబాద్ ఇఎంఇ సైనికుల సెయిలింగ్ అసోసియేషన్‌కు ఇందుల పెద్ద పాత్ర ఉన్నది.

శానా ఏండ్లు ఆ తెరచాపలను మనం బండ్ మీదికెళ్లి మొక్కజొన్న కంకులు తినుకుంట చూసినం. అవి మన పిల్లల కోసం అని ఎవ్వరం అనుకోలే. 2009ల సుహేమ్ షేక్ యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పెట్టినంక ఒక మార్పు వచ్చింది. రసూల్‌పుర బస్తీల ఉద్భవ్ స్కూల్ పిల్లలు పడవలెక్కిండ్రు. ఆ పిల్లలల్ల ఒకామె కొంగర ప్రీతి. 2023 ఆసియా క్రీడలల్ల, నేహా వెండి గెలిచిన అదే నింగ్బో నీళ్లల్ల, సుధాంశు శేఖర్‌తోని కలిసి ఇద్దరు నడిపే 470 పడవల మన దేశం తరఫున దిగింది. రసూల్‌పుర గల్లీ నుంచి ఆసియా క్రీడల దాకా. ఈ పేరు ఇక్కడున్న ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను. అడిగితే సిగ్గుపడేది ముందు నేను, పత్రికోణ్ణి.

కాబట్టి మన పిల్లలకు చేతకాదన్న మాట అబద్ధం. మనకు నీళ్లు లేవన్న మాట కూడా అబద్ధం. భోపాల్‌ల ఒడ్డు మీద సర్కారు నిలబడ్డది. ఇక్కడ రసూల్‌పుర పిల్లల కోసం ముందు నిలబడ్డది ఒక క్లబ్బు. మంచి మనిషి ఒకరు దొరికితేనే బస్తీ పిల్ల పడవెక్కాలెనా? ఆ మంచి మనిషి దొరకని బస్తీల సంగతి ఏంది?

ఇప్పుడు అడగాల్సింది

పతకం వచ్చినంక అందరం దండలు తీసుకొని వస్తం. కానీ ఆపద ఉండేది పతకం తర్వాతనే. నేహా గెలిచింది పిల్లల తరగతిల. ఐఎల్‌సిఎ 4 ఒలింపిక్స్‌ల లేదు. పద్దెనిమిదేండ్లు రాంగనే పెద్ద తెరచాప పట్టాలె, ఒంటి బరువు పెంచాలె, పదేండ్ల అనుభవం ఉన్న యూరప్ ఆడవాళ్లతోని తలపడాలె. నిన్న వెండి గెలిచిన పిల్ల రేపు ఇరవయ్యో స్థానంల కనిపిస్తది. అది ఓటమి కాదు, పెద్ద బడిల మొదటి తరగతి. నేత్రా టోక్యోల 35 నుంచి పారిస్‌ల 21కి వచ్చుడు చూసినం కదా, ఆ మెట్లు అట్లనే ఎక్కాలె. అప్పుడే చేయి వదిలేస్తే పిల్ల ఇంటికి పోతది. పద్దెనిమిదేండ్ల ఆడపిల్ల ఇంటికి వస్తే ఇంట్ల ఏ ముచ్చట మొదలైతదో మీకు తెలుసు.

అందుకని మూడు మాటలు చెప్పి ముగిస్త.

విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీల, మీ యూనివర్సిటీల ఈత నేర్పే ఏర్పాటు ఉన్నదా అని అడగుండ్రి. ఈత రాని పిల్లలకు పడవ ఎవరూ ఇయ్యరు. ఈ మెట్ల వరుసల మొదటి మెట్టు అదే.

ఉద్యోగ మిత్రులారా, మీలో సర్కారు బడి పంతుళ్లున్నరు, పంతులమ్మలున్నరు, ఆఫీసులల్ల ఫైళ్లు నడిపేటోళ్లున్నరు. చెరువు ఒడ్డున సర్కారు పడవలు ఎన్ని, అందుల సర్కారు బడి పిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అన్న లెక్క బయటికి తీయుండ్రి. చెరువుకు వచ్చే మురికినీళ్ల లెక్క కూడా. గుర్రపుడెక్క అల్లుకున్న నీళ్లల్ల పడవ కదలదు, వాసన కొట్టే నీళ్లలకు ఏ తల్లీ బిడ్డను దింపదు. చెరువు బాగుచేయమని అడుగుడంటే పిల్లల ఆటస్థలం అడుగుడే.

మూడోది నాకు, నా తోటి పత్రికోళ్లకు. పతకం రోజు ఫోటో వేసుడు పెద్ద పని కాదు. 21వ స్థానం వచ్చిన రోజు, 35వ స్థానం వచ్చిన రోజు కూడా రాయాలె. పదకొండు రేసుల లెక్క పూర్తిగా రాయాలె. అప్పుడే ఏదో ఒక ఊర్ల, ఏదో ఒక పిల్ల, చెరువు కట్ట మీద కూసొని ఆ పేపర్ చదివి, నీళ్ల మీద గాలి ఎటు మారుతున్నదో చూసుడు మొదలుపెడ్తది.

ఆ పిల్లకు పడవ దొరకాలె. మనం అడగాల్సింది అదే.